డిక్కీలో సుద్దగీతలు

షట్టర్ దించి సరిగ్గా గంట అయింది. లోపల ఎర్ర స్పోర్ట్స్ కారు ఇంజన్ మెల్లగా తిరుగుతూనే ఉంది. స్నేహలత గడియారం చూసుకుని కారు అప్పగించేదాకా కాపలాకు ఉన్న కానిస్టేబుల్ వినోదకు సైగ చేసింది. ఇద్దరూ కలిసి షట్టర్ పైకి లేపారు. పొగ కాస్త బయటికి పోయాక వినోద ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లి ఇంజన్ ఆపేసింది.

రెండు రోజుల క్రితం మెకానిక్ యాకయ్య శవం పడి ఉన్న చోటే నేల మీద గ్యాస్ మీటర్ ఉంది. గంటలో అది చేరిన అత్యధిక అంకె మూడు వందల పది. మనిషికి తలనొప్పి తెప్పించడానికి ఆ గాలి చాలు. చంపడానికి చాలదు.

స్నేహలత ఆ అంకెను ఫోటో తీసి, తల ఎత్తి పైకి చూసింది. రెండు వైపులా గోడకూ రేకుల కప్పుకూ మధ్య అడుగు వెడల్పు సందు ఉంది. వెల్డింగ్ పొగ పోవడానికి యాకయ్య కట్టేటప్పుడే వదిలించిన సందు అది. ఎంత పొగ వదిలినా అటు నుంచి పోతూనే ఉంటుంది.

పోలీసుల కథ ప్రకారం యాకయ్య ఈ షెడ్డులోనే చనిపోయాడు. ఆదివారం వరంగల్ ఆటోనగర్‌లో దుకాణాలన్నీ మూసి ఉంటాయి. కారు పని సోమవారానికి అందించాలని అతను ఒక్కడే వచ్చాడు. చప్పుడు బయటికి పోకుండా షట్టర్ దించుకుని, ఇంజన్ నడిపి సైలెన్సర్ మోత చూసుకుంటూ, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు పడిపోయాడు. సాయంత్రం ఆరు గంటలకు భార్య కట్టమ్మ వచ్చి షట్టర్ లేపేసరికి ఇంజన్ నడుస్తూనే ఉంది. ఒళ్లు చల్లబడి ఉంది. మూడు, నాలుగు గంటల మధ్య ప్రాణం పోయిందనీ, రక్తం నిండా ఆ వాయువే ఉందనీ డాక్టర్ రాశాడు. సి.ఐ. భానుచందర్ దాన్ని ప్రమాదంగా రాసి కాగితాలు కట్ట కట్టాడు.

కట్టమ్మ మాత్రం నమ్మలేదు. ఈ రోజు, మంగళవారం పొద్దున్నే మడికొండ నుంచి ఆటోలో హన్మకొండ వచ్చి, స్నేహలత ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. ఆమె చెప్పినవి రెండే మాటలు. ముప్పై ఏళ్లలో తన భర్త ఒక్కసారి కూడా షట్టర్ దించి ఇంజన్ నడపలేదు. రెండోది, పోయిన వారమంతా అతను ఫోన్‌లో ఒక వీడియో పదే పదే వింటూ అన్నం ముట్టలేదు.

ఆ వీడియో వర్ధన్నపేట దాటాక ఖమ్మం రోడ్డు మీద ఉన్న ఒక ఎరువుల దుకాణం కెమెరాది. ఈ నెల మొదటి గురువారం తెల్లవారుజామున ఐదూ నలభైకి తీసింది. దుకాణం అరుగు, చీకటి తప్ప అందులో ఏమీ కనబడదు. చెవులు పగిలే మోతతో ఒక కారు వస్తుంది, ఏదో బరువుగా తగులుతుంది, సైలెన్సర్ రెండుసార్లు టపటపమంటుంది, మోత దూరమైపోతుంది. పత్తి చేనుకు పోతున్న అనసూయ అనే కూలీ మనిషి ఆ క్షణంలోనే చనిపోయింది. బండి ఇంతవరకు దొరకలేదు. ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగి తిరిగి ఆ వీడియో యాకయ్యకు చేరింది. అతను దాన్ని భార్య ఫోన్‌కు కూడా పంపి, తీసెయ్యకుండా దాచమన్నాడు. ఎందుకో చెప్పలేదు.

స్నేహలతకు యాకయ్య ముందే తెలుసు. తొమ్మిదేళ్ల క్రితం ఆమె మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నప్పుడు, మోత ఎక్కువని బైకుల నుంచి ఊడదీయించిన నలభై సైలెన్సర్లను నడిరోడ్డు మీద పేర్పించి రోలర్‌తో తొక్కించింది. అందులో సగానికి పైగా యాకయ్య చేతి పని. అతను జనంలో నిలబడి చివరిదాకా చూశాడు. మరునాడు ఆఫీసుకు వచ్చి, చట్టం ఒప్పుకునే చప్పుడు ఎంతో కాగితం మీద రాసిమ్మని అడిగాడు. ఆ తరువాత అతని షెడ్డు నుంచి వెళ్లిన ఏ బండికీ ఆమె చలానా రాయాల్సిన అవసరం రాలేదు. ఉద్యోగం వదిలి డిటెక్టివ్ పని పెట్టుకున్నాక మళ్లీ కలవలేదు. కట్టమ్మ మెట్ల మీద కూర్చుని అతని పేరు చెప్పినప్పుడు, ఫీజు మాట ఎత్తకుండానే ఆమె బయలుదేరింది.

ఈ ఉదయం తొమ్మిదిన్నరకు షెడ్డు తాళం తీసింది కట్టమ్మ తమ్ముడు శేఖర్. వయసు ముప్పై నాలుగు. ఇరవై ఏళ్లుగా బావ దగ్గరే పని నేర్చుకుని, ఆ ఇంట్లోనే పెరిగాడు. స్నేహలత అడిగినవాటికి మెల్లగా, తడబడకుండా జవాబు చెప్పాడు. ఆదివారం పొద్దున్నే రైలుకు నెక్కొండ పోయి స్నేహితుని ఇంట్లో ఉన్నాడట. ఆరూ పదికి అక్క ఫోన్ చేస్తే బయలుదేరి ఏడున్నరకు వచ్చాడట. బావ ఒంటరిగా పని చేస్తుంటే తాను లేకపోయానని కళ్లు తుడుచుకున్నాడు. వీడియో సంగతి అడిగితే, బావకు ఏ బండి చప్పుడైనా వినడం అలవాటే అన్నాడు. గ్యాస్ మీటర్ నేల మీద పెడుతుంటే కాసేపు నిలబడి చూసి, మూడో రోజు కదా, అక్క ఇంట్లో ఒక్కతే ఉందని చెప్పి మడికొండ వెళ్లిపోయాడు.

షెడ్డుకు ఎదురుగా చిలుకమ్మ చాయ్ బండి ఉంది. ఆదివారం ఆ వీధిలో తెరిచి ఉన్నది అదొక్కటే. మధ్యలో బోల్టులూడిన లారీ ఒకటి నెల రోజులుగా నిలబడి ఉంది కాబట్టి ఆమెకు షెడ్డు కనబడదు. చెవులతో విన్నదే సాక్ష్యం. పోలీసులు రాసుకున్న దాంట్లో "మూడూ పదికి కారు మోత వినిపించి, కొద్దిసేపటికి ఆగిపోయింది" అని ఉంది. స్నేహలత ఆ మాటనే మళ్లీ అడిగింది.

"ఆగిపోయిందా అక్కా, ఎట్ల ఆగింది? ఒక్కపారి బందైందా?"

చిలుకమ్మ గిన్నె దించి ఆలోచించింది. "బంద్ కాలే బిడ్డ. మొదలు గ్లాసులు గజగజ వణికినయ్. అటెన్క సన్నగ, సన్నగ పోయింది. పొలీసాయన ఆగిందా అని అడిగిండు, ఆ అన్న. ఇనవడుడు ఆగింది కద మరి."

"మళ్ల వచ్చిన చప్పుడు?"

"లేదు. ఆరింటికి కట్టమ్మ ఏడుపే ఇన్న."

ఒకచోటనే ఉన్న ఇంజన్ ఆపితే మోత ఒక్కసారి తెగిపోతుంది. సన్నబడుతూ పోయిందంటే కారు వెళ్లిపోయింది. స్నేహలత షెడ్డులోకి తిరిగి వచ్చి గోడ చూసింది. నల్లరంగు వేసిన ఆ గోడే యాకయ్యకు పలక. వచ్చినప్పుడూ పోయేటప్పుడూ ప్రతి బండికీ రోజు, అది తిరిగిన కిలోమీటర్లు సుద్దముక్కతో రాసేవాడు. "ఎర్ర కారు, శనివారం, 18,412" అని అందరికీ కనిపించేలా ఉంది. ఆమె కారులోకి వంగి మీటర్ చూసింది. 18,443.

శనివారం నుంచి ఈ కారు షెడ్డు దాటలేదని అందరూ చెబుతున్నారు. అది ముప్పై ఒక్క కిలోమీటర్లు తిరిగి వచ్చింది.

పదకొండుంబావుకు జీపు వచ్చి ఆగింది. భానుచందర్ దిగాడు, వెనకాలే కారు యజమాని రాకేష్. ఇరవై ఆరేళ్లవాడు, వరంగల్ బజారులో పెద్ద బట్టల వ్యాపారి కొడుకు. మడికొండలో కొత్తగా వెలసిన కాలనీలో ఉంటాడు. కారు తీసుకుపోవడానికి వచ్చాడు. లేచి ఉన్న షట్టర్, నేల మీది మీటర్, పక్కన నిలబడ్డ తన కానిస్టేబుల్‌ను చూసి భానుచందర్ ముఖం బిగుసుకుంది.

"మీరు యూనిఫాం ఇడిసి ఏడేండ్లయింది మేడం. నా కేసుల మీకేం పని?"

"కేసు మూసినమని అన్నరు కద సార్. మూసిన దాంట్ల నేనేం చూస్తే మీకేంది?"

అతను నవ్వలేదు. స్నేహలత గ్యాస్ మీటర్ అంకె, గోడ మీది అంకె, కారులోని అంకె ఒకదాని తరువాత ఒకటి చూపించింది. భానుచందర్ తెలివితక్కువవాడు కాదు. అతనికి తొందర ఎక్కువ. కిలోమీటర్లదేముంది, ట్రయల్‌కు పోయి వచ్చి ఉంటారు, వచ్చాకే షెడ్డులో పడిపోయి ఉంటాడు అన్నాడు. గ్యాస్ మీటర్ మాట మాత్రం ఎత్తలేదు.

ఆమె రాకేష్ వైపు తిరిగింది. సైలెన్సర్ గురించి మొదటి నుంచి చెప్పమంది. అతను మొదట విసుక్కున్నాడు కానీ, కారు సంగతి కాబట్టి కాసేపటికి మాటలు వాటంతటవే వచ్చాయి. కంపెనీ సైలెన్సర్ అసలు మోగదు, అంత పెట్టి కొన్న కారు మిక్సీలా ఉంటే ఎట్లా అనిపించింది. నెల మొదట్లో యాకయ్యతో అడ్డం లేని నేరు గొట్టం పెట్టించుకున్నాడు. అది ఎంత మోగిందంటే వారంలోనే కాలనీవాళ్లు సంతకాలు పెట్టి ఫిర్యాదు చేశారు. ముసలివాళ్లు ఉలిక్కిపడుతున్నారన్నారు. అప్పుడు యాకయ్యే ఉపాయం చెప్పాడు. గొట్టం లోపల ఒక తలుపు పెడతాను, బటన్ నొక్కితే తెరుచుకుంటుంది, రోడ్డు మీద నీకు కావాల్సినంత మోత. కాలనీ గేటు దగ్గర మళ్లీ నొక్కితే మూసుకుంటుంది, పక్కింటివాడికి కూడా వినబడదు అన్నాడు. ఆదివారం ఒంటిగంటన్నరకు ఫోన్ చేసి, పని అయిపోయిందని, ఒక్క గుయ్యిమనే మోత మిగిలిందని, అదెక్కడ పుడుతుందో కనిపెట్టి ఇస్తానని చెప్పాడు.

"అది ఎట్ల కనిపెడ్తడు?" స్నేహలత అడిగింది.

"డిక్కీల పండుకొని ఇంటడు మేడం. మూత పెట్టుకొని. కారు ఎనభై మీద పోతాంటే ఎక్కడ మోగితే అక్కడ సుద్దతోని గీత పెడ్తడు. మొన్నటిసారి నేను నడుపుత అంటే ఒప్పుకోలే."

స్నేహలత డిక్కీ వైపు తిరిగింది. భానుచందర్ కూడా కారు వెనక్కి చూశాడు.

డిక్కీ చిన్నది. యాకయ్య బక్కపలచని మనిషి కాబట్టి కాళ్లు ముడుచుకుంటే పడతాడు. స్నేహలత చేతికి తొడుగులు వేసుకుని మూత ఎత్తింది. లోపలి నుంచి తెరవడానికి మూతకు ఉండే చిన్న పట్టీ బ్లేడుతో సాపుగా కోసి ఉంది. అడుగున పరిచిన మ్యాట్ ఎత్తితే, నీళ్లు పోవడానికి ఉండే రంధ్రానికి రబ్బరు బిరడా లేదు. రంధ్రం చుట్టూ మసి ఉంగరంలా పేరుకుంది. వినోద కారు కిందికి టార్చి వేసింది. రంధ్రానికి సరిగ్గా కింద సైలెన్సర్ అతుకు ఉంది. దాని మూడు బోల్టుల్లో రెండు వదులు చేసి ఉన్నాయి. నడుస్తున్నంతసేపూ పొగ నేరుగా డిక్కీలోకే ఎక్కేలా చేసిన ఏర్పాటు అది.

ఆఖరున ఆమె మోకాళ్ల మీద కూర్చుని, మూత లోపలి వైపు చూసింది.

ఎడమ పక్కన నాలుగు సుద్దగీతలు. పొట్టిగా, నిలువుగా, కొలిచి గీసినట్టున్నాయి. పనిలో ఉన్న మనిషి గీతలు. ఐదోది వంకరపోయింది. ఆరోది సగంలో జారి మూత అంచుదాకా లాగుకుపోయింది. ఆ తరువాత గీతలు లేవు. సుద్దపొడి అంటిన వేలికణుపుల ముద్రలు మాత్రం ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి, ఒకే చోట. చివరివి మసకగా ఉన్నాయి.

వినోద పక్కకు వెళ్లి గోడకు ఆనుకుంది. రాకేష్ ఏమైందో తెలియక ముందుకు వచ్చి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి నడిచాడు.

స్నేహలత లేచింది. ఒక పరీక్ష మిగిలి ఉందని భానుచందర్‌తో చెప్పింది. సుద్దముద్రలు చెదరకుండా మూతను మెల్లగా దించి, దాని మీద పిడికిలితో ఆపకుండా కొడుతూ ఉండమని వినోదను నిలబెట్టింది. రాకేష్‌తో కారు స్టార్ట్ చేయించి, బటన్ నొక్కి గొట్టంలోని తలుపు మూయించింది. సి.ఐ.ని చిలుకమ్మ చాయ్ బండి దగ్గరికి తీసుకుపోయింది. రోడ్డుకు అవతల నుంచి ఇంజన్ జాడే లేదు. దబదబమని వినోద పిడికిలి మాత్రం స్పష్టంగా వినిపించింది. స్నేహలత లారీ పక్కకు వచ్చి చెయ్యి ఊపింది. రాకేష్ మళ్లీ బటన్ నొక్కాడు. మోత వీధి నిండా లేచింది, చిలుకమ్మ గ్లాసులు ఒకదానికొకటి తగులుకున్నాయి. వాళ్లు తిరిగి నడుచుకుంటూ వచ్చి వినోద పక్కన నిలబడ్డారు. మూడడుగుల దూరంలో ఆమె చెయ్యి లేస్తోంది, పడుతోంది. చప్పుడు లేదు.

ఇంజన్ ఆపాక ఆమె చెప్పింది. "కారు నడిపినోడు పోయేటప్పుడు మోత పెట్టిండు, యాకయ్య ఎంత కొట్టినా సిగ్నల్ కాడ పక్క బండోనికి ఇనవడకుండ. వచ్చేటప్పుడు మూసిండు, చిలుకమ్మకు ఇనవడకుండ. శవాన్ని కింద పండబెట్టి, ఇంజన్ నడవనిచ్చి, షట్టర్ దించి పోయిండు. ఇది యాక్సిడెంట్ కాదు సార్."

భానుచందర్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. తరువాత అతని తొందర మళ్లీ పైకొచ్చింది. రాకేష్‌ను పక్కకు పిలిచి, ఆదివారం మూడింటికి ఎక్కడున్నావని అడిగాడు. ఇంట్లో పడుకున్నానన్నాడు రాకేష్. ఇంట్లో వేరే ఎవరూ లేరు. రెండో తాళంచెవి అతని దగ్గరే ఉంది. వర్ధన్నపేట వీడియో సంగతి స్నేహలత చెప్పగానే సి.ఐ. మనసులో అన్నీ వరుసగా అతుక్కుపోయాయి. మోత కారు, డబ్బున్న పిల్లవాడు, అనసూయను గుద్ది పారిపోయాడు, చప్పుడును బట్టి యాకయ్య గుర్తుపట్టాడు, అందుకని చంపాడు. వాడి ఇల్లు వెతికితే ముందు బంపర్ మార్చిన రసీదు దొరక్కపోదు అన్నాడు.

స్నేహలత తొందరపడొద్దని చెప్పింది. బోల్టులు వదులు చేసిన పద్ధతి చూడమంది. ఎంత వదిలితే పొగ వస్తుందో, గొట్టం ఊడిపడదో తెలిసిన చెయ్యి అది. రాకేష్‌కు స్పానర్ పట్టుకోవడం కూడా రాదు.

"ముందుగాల యాక్సిడెంట్ కాదన్నరు, ఒప్పుకున్న," అన్నాడు భానుచందర్. "ఇప్పుడు ఈయన కాదంటాండ్రు. మీరు చెప్పేదంత నేను రాసుకుంట కూసుంటే, స్టేషన్ల నా కుర్చీ మీకే ఇయ్యాలె."

జీపు ఎక్కించేటప్పుడు రాకేష్ పెనుగులాడలేదు. ముఖం తెల్లగా పాలిపోయింది. స్నేహలత వైపు తిరిగి ఒక్క మాటే అన్నాడు. "మేడం, ఆ గురువారం కారు నా తాన లేకుండె. బుధవారం ఇచ్చి శుక్రవారం తీస్కపోయిన. ఇక్కడనే ఉండె."

భానుచందర్ తలుపు వేశాడు. డిక్కీకి కాపలాగా వినోదను ఉండమని, ఫోరెన్సిక్ వాళ్లు వచ్చేదాకా ఎవరినీ ముట్టనివ్వొద్దని చెప్పి, రాకేష్ ఇల్లు సోదా చేయడానికి మడికొండ వైపు వెళ్లిపోయాడు. అప్పుడు పన్నెండు దాటి ఐదు నిమిషాలు.

స్నేహలత మళ్లీ ఆ నల్లగోడ దగ్గరికి వెళ్లింది. శనివారం రాసిన అంకెకు పైన గోడ ఒకచోట మరీ శుభ్రంగా ఉంది. తడిగుడ్డతో తుడిచిన చోటు. ఆమె ఫోన్ లైటును గోడకు ఆనించి పక్కవాటుగా వేసింది. యాకయ్య గట్టిగా నొక్కి రాసేవాడు. సుద్ద పోయినా రంగు మీద గాట్లు మిగిలాయి. ఒక్కొక్క అంకె కూడదీసుకుని చదివేసరికి అరగంట పట్టింది. "ఎర్ర కారు, బుధవారం, 17,806." దాని కింద, "శుక్రవారం, 17,868."

షెడ్డులో ఉండగా అరవై రెండు కిలోమీటర్లు. వర్ధన్నపేట దాటి పోయి తిరిగి వచ్చేంత.

ఆమె రోడ్డు దాటి చిలుకమ్మ దగ్గరికి దాదాపు పరుగెత్తింది. షెడ్డుకు వచ్చిన కార్లు ట్రయల్‌కు ఎవరు నడుపుతారని అడిగింది. యాకయ్య నడపడా అంది.

"ఆయనకు నడుపుడెక్కడిది బిడ్డ? కంట్ల వెల్డింగ్ రవ్వ పడ్డకాంచి స్టీరింగ్ ముట్టలే. అన్ని శేఖరే నడుపుతడు. తెల్లారక ముందే తీస్కపోతడు, రోడ్డు ఖాళీగుంటదని." చిలుకమ్మ చాయ్ వడబోస్తూ, తెలిసిన సంగతే కదా అన్నట్టు ఇంకో మాట కలిపింది. "ఆ డిక్కీల పండుకున్నప్పుడైతే శేఖర్ తప్ప ఎవ్వలు నడిపినా ఒప్పుకోడు. పానం ఆని చేతుల ఉంటదాయె."

శేఖర్ పద్నాలుగేళ్ల వయసు నుంచి యాకయ్య కంచంలో తిన్నవాడు. ఎవరి కారు మోత వీడియోలో ఉందో, ఆ రోజు దాన్ని ఎవరు నడిపారో యాకయ్యకు మొదటిసారి విన్నప్పుడే తెలిసిపోయి ఉంటుంది. వారం రోజులు అన్నం మానేసి, పోలీసుల దగ్గరికి పోకుండా, ఆ మాట బావమరిదికి తానే చెప్పి ఉంటాడు. ఒప్పుకొమ్మని అడిగి ఉంటాడు. అలా అడిగాక కూడా ఆదివారం మధ్యాహ్నం వాడిని నమ్మి డిక్కీలో పడుకున్నాడు.

స్నేహలత కట్టమ్మ నంబరుకు ఫోన్ చేసింది. చాలాసేపు మోగాక ఎత్తారు.

"మేడం, నేను శేఖర్‌ను." గొంతు పొద్దున ఉన్నట్టే మెత్తగా ఉంది.

అక్కకు ఒకసారి ఫోన్ ఇవ్వమంది.

"అక్క పండుకున్నది. పొద్దట్నుంచి ఏడుస్తనే ఉన్నది, గోలి ఇచ్చిన." ఆ వెంటే అడిగాడు. "డిక్కీ తెరిచిన్రా మేడం?"

"లేదు. మీటర్ పనే ఇంక కాలేదు," అంది ఆమె.

"సీఐ సారు జీపు ఇప్పుడే మా ఇంటి ముందట్నుంచి కాలనీ దిక్కు పోయింది. వెనుక రాకేష్ కూసున్నడు. డిక్కీ తెరవకుంటే సారు ఆని ఇంటికి ఎందుకు పోతడు?" అతను ఊపిరి వదలడం వినిపించింది. "వర్ధన్నపేట కాడ ఆమె అడ్డం వచ్చింది మేడం. నేను కావాలని గుద్దలే. బావకు ఎంత చెప్పినా ఇనలే. ఆ వీడియోల మోత రాకేష్ కారుదని బావ ఒక్కనికే ఎర్కనుకున్న. అక్క ఫోన్ల గూడ ఆ వీడియో దాపిచ్చిండని ఇయ్యాలనే ఎర్కైంది."

స్నేహలత ఏదో అనబోతుండగానే ఫోన్ తెగింది. మళ్లీ చేస్తే స్విచాఫ్.

భానుచందర్‌కు చేసింది. రెండుసార్లు మోగగానే అతను కట్ చేశాడు. మళ్లీ చేసింది. మళ్లీ కట్ చేశాడు. శేఖర్ ఉన్న ఇంటికీ భానుచందర్ వెళ్లిన ఇంటికీ మధ్య అర కిలోమీటరు ఉండదు. మూడోసారి ఆయన ఫోన్ కూడా స్విచాఫ్ అని వచ్చింది.

ఆమె వచ్చింది స్కూటీ మీద. ఊరు మొత్తం దాటి మడికొండ చేరాలంటే దాని మీద ముప్పావు గంట పడుతుంది. స్నేహలత షెడ్డులోకి వచ్చి, జరిగింది నాలుగు ముక్కల్లో వినోదకు చెప్పి, ఎర్ర కారు తాళంచెవి అడిగింది.

వినోద డిక్కీ వైపు చూసింది. "సార్ నన్ను సస్పెండ్ చేస్తడు మేడం."

"ఫోటోలు తీసినం కద. రబ్బరు బిరడా లేని చోట గుడ్డ కుక్కుదాం. అద్దాలన్ని దించి పోదాం. నువ్వు పక్కన కూసుండి కంట్రోల్ రూంకు ఫోన్ చెయ్యి, దగ్గరున్న బండిని ఆ ఇంటికి పంపమను. మోత రావద్దని గట్టిగ చెప్పు. సైరన్ ఇంటే ఆడు కట్టమ్మను బతకనియ్యడు."

వినోద జేబులోంచి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టింది. మూడు నిమిషాల్లో రంధ్రానికి గుడ్డ కుక్కి, కింద వదులైన రెండు బోల్టులు బిగించి, ఇద్దరూ కారులో కూర్చున్నారు. స్నేహలత ఇంజన్ స్టార్ట్ చేసింది. శేఖర్ ఈ బండి చప్పుడును ఊరి అవతల నుంచే గుర్తుపడతాడు. ఆమె వేలు బటన్ మీద పెట్టి గొట్టంలోని తలుపు మూసింది. ఎర్ర కారు చిలుకమ్మ గ్లాసులు కూడా కదలకుండా వీధి దాటి మెయిన్ రోడ్డెక్కింది.